మండుటెండలో పిల్లల వాన

అమెరికాలోని అరిజోనా ఎడారిలో ఉన్న ఫీనిక్స్ నగరానికి జులైలో తెల్లవారడమే సెగతో తెల్లవారుతుంది. 2023 జులై 19న అక్కడ నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 36 డిగ్రీల సెల్సియస్. కనిష్ఠమే అంత ఉంటే మధ్యాహ్నం సంగతి వేరే చెప్పాలా! ఆ ఏడాది జూన్ 30 మొదలు జులై 30 దాకా వరసగా 31 రోజులు ఎండ 43 డిగ్రీలు దాటింది. పగలూ రాత్రీ కలిపి లెక్కేసినా ఆ జులై సగటు 39 డిగ్రీల పైమాటే. మరుసటి ఏడు ఇంకో రికార్డు. మే నెలాఖరు నుంచి సెప్టెంబరు మధ్య దాకా 113 రోజులపాటు పగటి ఎండ ఒక్కరోజు కూడా వంద డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే దాదాపు 38 సెల్సియస్‌కు, దిగువన ఆగలేదు.

పిల్లలకు బడి సెలవులు సరిగ్గా ఆ రోజుల్లోనే. మే చివర్లో మూసిన బళ్లు జులై ఆఖరుకో, ఆగస్టు మొదటికో తెరుచుకుంటాయి. ఈలోగా రెండు నెలలు వాళ్లను ఏం చెయ్యాలి? పార్కుకు తీసుకెళ్తే జారుడుబల్ల అట్లపెనంలా కాలుతుంది. కొండ ఎక్కిద్దామంటే, తీవ్రమైన ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో క్యామెల్‌బ్యాక్ కొండ దారిని నగరపాలక సంస్థే పగటిపూట మూసేస్తుంది. ఇంట్లో కూర్చోబెడితే టీవీ, ఫోను తప్ప మరో లోకం ఉండదు. ఈ చిక్కుకు ఆ ఎడారి ఊరు వెతుక్కున్న జవాబుల్లో అందరికీ అందుబాటులో ఉన్నది, చాలాచోట్ల పైసా ఖర్చు లేనిది స్ప్లాష్ ప్యాడ్.

చూడటానికి పెద్ద హంగామా ఏమీ ఉండదు. గరుకు కాంక్రీటుతోనో మెత్తటి రబ్బరుతోనో వేసిన గచ్చు. దానిలో అక్కడక్కడా నాణెమంత రంధ్రాలు. మధ్యలో కమానులు, పువ్వులు, జంతువుల ఆకారంలో రంగురంగుల గొట్టాలు. ఒక మూల మోకాలెత్తు స్తంభం. పిల్లాడు వచ్చి దాని మీద అరచెయ్యి ఆనిస్తాడు. ఒక్క క్షణం ఏమీ జరగదు. తర్వాత నేలలోంచి బుస్సుమని నీళ్లు లేస్తాయి. ముందు ఒకటి, ఆ వెంటనే మూడు, ఆపైన అన్నీ. తల మీద వేలాడే పెద్ద బకెట్టులోకి సన్నటి ధార పడుతుంటుంది. అది నిండే కొద్దీ ఒక పక్కకు ఒరుగుతుంది. కింద నిలబడ్డ పిల్లలకు ఆ సంగతి తెలుసు, అయినా కదలరు. మెడలు ముడుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఉంటారు. బకెట్టు బోర్లా పడగానే లేచే కేక పార్కు అవతలి రోడ్డు దాకా వినిపిస్తుంది. కొన్ని నిమిషాలకు నీళ్లు వాటంతటవే ఆగిపోతాయి. మళ్లీ ఎవరో ఒకరు స్తంభం దగ్గరికి పరుగు తీస్తారు.

గచ్చు మీద ఎక్కడా నీళ్లు నిలవవు. పడ్డవి పడ్డట్టే వాలుగా జాలీలోకి జారిపోతాయి. మొత్తం సంగతి ఈ ఒక్క విషయంలోనే ఉంది. అమెరికాలో ఏడాది నుంచి నాలుగేళ్ల మధ్య వయసు పిల్లల మరణాలకు మొదటి కారణం నీట మునగడం. పెరట్లో ఈతకొలను ఉన్న ఇళ్లు ఎక్కువగా ఉండే ఫీనిక్స్ లాంటి చోట తల్లిదండ్రుల భయమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. లోతే లేని చోట ఆ భయం చాలావరకు తగ్గుతుంది. లైఫ్‌గార్డు అవసరం కూడా ఉండదు. 2022 వేసవిలో లైఫ్‌గార్డులు దొరక్క ఫీనిక్స్ నగరం చాలా ఈతకొలనులు తెరవలేకపోయింది. చేరినవాళ్లకు 2,500 డాలర్ల ప్రోత్సాహకం ప్రకటించినా కొరత తీరలేదు. స్ప్లాష్ ప్యాడ్‌కు ఆ బెడద లేదు. చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డ కూడా గట్టు దిగకుండా, మెట్టు ఎక్కకుండా నేరుగా నీళ్లలోకి వెళ్లిపోగలదు. ఈ ఆలోచనను టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఇంకా ముందుకు తీసుకెళ్లారు. 2017లో అక్కడ తెరిచిన 'మోర్గాన్స్ ఇన్‌స్పిరేషన్ ఐలాండ్' నీటి పార్కు అంతా దివ్యాంగుల కోసం రూపొందినదే. తడిస్తే పాడయ్యే బ్యాటరీ కుర్చీలకు బదులు, గాలి ఒత్తిడితో నడిచే కుర్చీలను పార్కువాళ్లే ఇస్తారు.

ఈ ఆటకు మూలం వీధుల్లోనే ఉంది. న్యూయార్క్‌లో వేసవి వచ్చిందంటే పిల్లలు వీధి చివర అగ్నిమాపక కొళాయి విప్పుకుని దాని కింద గంతులు వేయడం పాత అలవాటు. పూర్తిగా విప్పిన కొళాయి నుంచి నిమిషానికి దాదాపు 3,800 లీటర్లు వృథాగా పోతాయి. అందుకని అగ్నిమాపక శాఖే జల్లులా చిమ్మే మూత బిగించి ఇవ్వడం మొదలుపెట్టింది. దాంతో అది వంద లీటర్లకు దిగువకు వస్తుంది. చుట్టూ తొట్టె లేకుండా నేలలోంచే లేచే ఫౌంటెన్లు 1980ల్లో వచ్చాయి. 1986లో డాలస్‌లోని ఫౌంటెన్ ప్లేస్‌లో నడిచే దారి మీదే నీటిధారలు పెట్టారు. 1996 ఒలింపిక్స్‌కు అట్లాంటాలో కట్టిన పార్కులో 251 ధారలతో ఐదు వలయాల ఫౌంటెన్ లేచింది. జనం దాన్ని చూసి ఊరుకోలేదు, లోపలికి దిగి తడిసిపోయారు. ఫౌంటెన్ అంటే దూరం నుంచి చూడాల్సిందన్న మర్యాద అలా చెరిగిపోతూ వచ్చింది. కెనడా, అమెరికా కంపెనీలు ఈ పరికరాలనే ప్రత్యేక వ్యాపారంగా చేసుకున్నాయి.

ఎడారిలో నీళ్లెక్కడివి? ఎవరికైనా ముందు వచ్చే ప్రశ్న ఇదే. ఫీనిక్స్‌లో ఏడాదికి పడే వాన సుమారు 18 సెంటీమీటర్లు. కరవుకు మారుపేరైన మన అనంతపురంలో కూడా దానికి మూడు రెట్లు పడుతుంది. అయినా అక్కడ మనుషులు వ్యవసాయం చేసి బతకడం నిన్నా మొన్నటి మాట కాదు. క్రీస్తుశకం తొలి శతాబ్దాల నుంచి 1450 ప్రాంతం వరకు అక్కడ నివసించిన హోహోకమ్ ప్రజలు సాల్ట్ నది నుంచి వందల మైళ్ల కాలువలు తవ్వుకున్నారు. చేతి పనిముట్లతో తవ్వినవే అన్నీ. 1860ల చివర్లో జాక్ స్విల్లింగ్ అనే ఆయన వచ్చి, పూడిపోయిన ఆ కాలువల జాడ పట్టుకుని మళ్లీ నీళ్లు పారించాడు. పాత నాగరికత శిథిలాల మీద లేస్తున్న ఊరు కాబట్టి, బూడిదలోంచి లేచే పక్షి పేరు పెట్టారు. 1911లో సాల్ట్ నదిపై రూజ్‌వెల్ట్ ఆనకట్ట పూర్తయింది. కొలరాడో నది నీళ్లను లేక్ హవాసు నుంచి ఎత్తిపోసి, ఎడారి మీదుగా దాదాపు 540 కిలోమీటర్లు నడిపించే సెంట్రల్ అరిజోనా ప్రాజెక్టు కాలువ 1993కి పూర్తయింది. ఇవాళ ఫీనిక్స్ పిల్లాడి నెత్తిన పడే జల్లు వెనుక ఇంత చరిత్ర ఉంది.

ఫీనిక్స్, దాని చుట్టూ ఉన్న మేసా, టెంపీ, చాండ్లర్, గిల్బర్ట్, స్కాట్స్‌డేల్ పట్టణాలన్నిటినీ కలిపి అక్కడివాళ్లు 'వ్యాలీ' అంటారు. వ్యాలీలో ఏ పట్టణానికి వెళ్లినా ఇలాంటి తడిసే చోట్లు కనిపిస్తాయి. ఒకదానికొకటి పోలిక ఉండదు. మేసాలోని రివర్‌వ్యూ పార్కులో స్ప్లాష్ ప్యాడ్ పక్కనే ఆకాశాన్ని అందుకునే తాళ్ల గోపురం ఉంది. గిల్బర్ట్‌లో 2019లో తెరిచిన రీజినల్ పార్కు విశాలమైనది. అదే ఊళ్లో పాత బజారు మధ్య ఉన్నది మాత్రం చిన్నది. 1920ల్లో ఊరికి తాగునీరిచ్చిన ఎత్తైన ఇనుప ట్యాంకు కాళ్ల మధ్య ఆ జల్లు ఏర్పాటు చేశారు. 1980లో గిల్బర్ట్ జనాభా ఆరు వేలకు లోపే. ఎండుగడ్డి ఎగుమతికి పేరుపడ్డ పల్లె అది. 2020 జనగణన నాటికి 2 లక్షల 67 వేలు దాటింది. పల్లె దాహం తీర్చిన ట్యాంకు కింద ఇప్పుడు నగరం పిల్లలు తడుస్తున్నారు. పాతదాన్ని పడగొట్టకుండా పిల్లల మధ్య నిలబెట్టినందుకు ఆ ఊరి పెద్దలను మెచ్చుకోవాలి.

ఫీనిక్స్ నడిబొడ్డున సివిక్ స్పేస్ పార్కు ఉంది. 2009లో తెరిచారు. అక్కడ నేలలోంచి నీటిధారలు లేస్తాయి, పైన గాలిలో తేలుతూ ఒక భారీ వల కనిపిస్తుంది. పగలు దాని నీడ గచ్చు మీద పాకుతుంది, రాత్రి దీపాల వెలుగులో రంగులు మారుస్తుంది. జానెట్ ఎషెల్‌మన్ చేసిన ఈ శిల్పం పేరు 'హర్ సీక్రెట్ ఈజ్ పేషెన్స్'. అరిజోనా మబ్బులు, సగ్వారో నాగజెముడు పువ్వు దానికి ప్రేరణ. అయితే ఆమె చేతికి వల వచ్చింది మాత్రం మన తీరంలోనే. 1997లో ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనం మీద ఆమె భారతదేశం వచ్చి మహాబలిపురంలో ఉన్నారు. ప్రదర్శనకు వేయాల్సిన బొమ్మల కోసం తెప్పించుకున్న రంగులు చేరలేదు. సాయంత్రాలు సముద్రపు ఒడ్డున మత్స్యకారులు వలలు చుట్టి గుట్టలు వేస్తుంటే చూశారు. బరువు లేకుండా ఇంత పెద్ద ఆకారం కట్టవచ్చునన్న ఊహ అక్కడే పుట్టింది. మహాబలిపురం జాలరుల వలల్లోంచి పుట్టిన ఊహ అలా ఫీనిక్స్ పిల్లల మీద నీడ పరుస్తోందంటే ఎంత సంతోషం!

ఫౌంటెన్ హిల్స్ అనే మరో ఊళ్లో కథ ఇంకో రకం. ఆ ఊరికి పేరు తెచ్చిన ఫౌంటెన్‌ను 1970లో రాబర్ట్ మెక్‌కలక్ అనే పారిశ్రామికవేత్త పెట్టించాడు. లండన్ బ్రిడ్జిని కొని, రాయి రాయిగా విప్పించి లేక్ హవాసు ఒడ్డుకు తెచ్చినవాడూ ఆయనే. పూర్తి బలంతో వదిలితే ఆ ఫౌంటెన్ 170 మీటర్ల ఎత్తు లేస్తుంది. ఒకప్పుడు ప్రపంచంలో అంత ఎత్తైనది లేదు. కానీ దాని కింది చెరువులో ఉన్నవి శుద్ధిచేసిన మురుగునీళ్లు. అందులో ఎవరూ దిగకూడదు. పిల్లలు తడవడానికి అదే పార్కులో వేరే స్ప్లాష్ ప్యాడ్ ఉంది. చూసే నీళ్లు వేరు, ఒంటి మీద పోసుకునే నీళ్లు వేరు అని ఆ ఊరు స్పష్టంగా విడదీసింది. ఎడారిలో నీటి విషయంలో తెలివి అంటే ఇదే.

ఎడారిలో నీటిజల్లు ఇంత హాయిగా ఉండటానికి పొడి గాలే కారణం. జూన్‌లో ఫీనిక్స్ గాలిలో తేమ బాగా తక్కువ. తడిసిన చొక్కా మీది నీళ్లు చకచకా ఆవిరైపోతాయి, పోతూ పోతూ ఒంట్లో వేడిని తీసుకుపోతాయి. 45 డిగ్రీల ఎండలో కూడా ధారలోంచి బయటికొచ్చిన బిడ్డ పళ్లు టకటకలాడిస్తూ తువ్వాలు అడుగుతుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో అదే పని చేస్తే ఆ చల్లదనం రాదు, గాలిలో అప్పటికే ఉన్న తేమ చెమటనే ఆరనివ్వదు. గడ్డి తడకల కూలర్ హైదరాబాద్ మే ఎండల్లో పనిచేసినట్టు కోస్తాలో పనిచేయకపోవడానికీ ఇదే కారణం. ఏసీలు రాకముందు ఫీనిక్స్ ఇళ్లను చల్లబరిచినవి కూడా ఆ కూలర్లే. జులైలో అక్కడ వర్షాకాలం మొదలై గాలి బరువెక్కాక స్ప్లాష్ ప్యాడ్ సుఖం కాస్త తగ్గుతుంది. అప్పుడు దుమ్ము తుపానులు కూడా వస్తాయి. ఉరుము వినిపిస్తే పిల్లలు నీళ్లలోంచి బయటికి రావాల్సిందే.

ఇక నీటి లెక్క. స్ప్లాష్ ప్యాడ్‌లు రెండు రకాలు. మొదటి రకంలో తాగునీటి పైపు నుంచి వచ్చిన నీళ్లు ఒక్కసారి చిమ్మి జాలీలోకి పోతాయి. రెండో రకంలో గచ్చు కింద ట్యాంకు ఉంటుంది. జాలీలోకి దిగిన నీళ్లు అక్కడికి చేరి, వడకట్టి, క్లోరిన్ కలిపి, అతినీలలోహిత దీపాల ముందు నుంచి నడిచి, మళ్లీ పైకి వస్తాయి. మొదటి రకం కట్టడం సులువు, నీళ్లూ ఎప్పటికప్పుడు కొత్తవి. కానీ నిమిషానికి 200 లీటర్లు చొప్పున రోజుకు ఎనిమిది గంటలు ఆపకుండా నడిపితే 96 వేల లీటర్లు. అందుకే చేత్తో నొక్కితేనే తెరుచుకుని, కాసేపటికి తనంతట తాను ఆగే స్తంభం అంత ముఖ్యం. పిల్లలు లేనప్పుడు నీళ్లు పారకూడదు.

2021 ఆగస్టులో కొలరాడో నదిలో నీటి కొరత ఉందని అమెరికా కేంద్ర ప్రభుత్వం చరిత్రలో తొలిసారి ప్రకటించింది. మరుసటి ఏడాది నుంచి అరిజోనా వాటాలో కోత పడింది. ఆ దెబ్బ ముందుగా పినాల్ కౌంటీ రైతుల మీద పడింది. పక్క జిల్లాలో పొలాలు బీడు పెడుతుంటే ఊళ్లో పిల్లలకు ఫౌంటెన్లా అని అడిగేవాళ్లు ఉన్నారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే అరిజోనా వాడే నీటిలో 70 శాతానికి పైగా వ్యవసాయానికి పోతుంది. ఇళ్లలో వాడే నీటిలో పెద్ద భాగం గడ్డి తడపడానికి, పెరటి కొలనులు నింపడానికి పోతుంది. ఒక్కో ఇంటికి ఒక్కో కొలను ఉండి ఏడాదంతా ఎండకు ఆవిరయ్యే బదులు, వంద కుటుంబాలు ఒకే గచ్చు మీద తడవడం నీటి పొదుపు కింద లెక్కే.

జాలీలోకి పోయిన నీళ్లు ఎటు వెళ్తున్నాయన్నది ఇంకా పెద్ద ప్రశ్న. వాటిని మురుగు పైపులోకి కలిపితే అవి పోయినట్టు కాదు. ఫీనిక్స్‌కు పడమరన ఉన్న పాలో వెర్డె అణువిద్యుత్ కేంద్రం నదీ సముద్రమూ ఆనుకుని లేనిది. దాన్ని చల్లబరిచేది వ్యాలీ పట్టణాల మురుగునీరే, శుద్ధిచేసి పైపుల్లో పంపుతారు. నగరం మురుగులో కొంత ట్రెస్ రియోస్ చిత్తడి నేలలకు చేరి పక్షులకు ఆధారమవుతోంది. కాబట్టి స్ప్లాష్ ప్యాడ్‌ను దాని మీద చిమ్మే నీటితో కాకుండా, దాని కింద వేసిన పైపులతో కొలవాలి. ఒకసారి చిమ్మి వాననీటి కాలువలోకి వదిలేసేది ఎడారిలో తప్పు. చెట్లకో, శుద్ధి కేంద్రానికో, తిరిగి ట్యాంకుకో పంపేది ఒప్పు.

అయితే నీటిని తిప్పి వాడే పద్ధతికి ఒక ముప్పు ఉంది. దీన్ని దాటవేయకుండా చెప్పాలి.

డైపర్ కట్టుకున్న పసివాడు ధార మీద కూర్చుంటాడు. వాడి ఒంటి నుంచి కడిగిన నీళ్లు ట్యాంకులోకి దిగుతాయి. అవే కాసేపటికి పక్కన నోరు తెరిచి నిలబడ్డ పిల్ల నోట్లో పడతాయి. సన్నటి తుంపరగా చిమ్మేటప్పుడు, ఎండ తగిలేటప్పుడు క్లోరిన్ త్వరగా విరిగిపోతుంది కాబట్టి ఈతకొలను కంటే ఇక్కడ దాన్ని నిలబెట్టడం కష్టం. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ 2024లో లెక్క వేసి చెప్పింది. 1997 నుంచి 2022 వరకు స్ప్లాష్ ప్యాడ్‌ల వల్ల 60 సార్లు జబ్బులు ప్రబలాయి. 10,611 మందికి సోకాయి, 152 మంది ఆసుపత్రుల్లో చేరారు. ఆ 60 సందర్భాల్లో మూడింట రెండు వంతులు క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి చేసినవే. సరిగ్గా క్లోరిన్ కలిపిన నీళ్లలో కూడా అది వారం రోజులకు పైగా బతికి ఉండగలదు. దాన్ని అణిచేది అతినీలలోహిత కాంతి. 2005లో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా లేక్ పార్కులో వేలమంది విరేచనాలతో జబ్బుపడ్డారు. ఆ తర్వాతే ఆ రాష్ట్రం ఇలాంటి చోట్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది.

2021 సెప్టెంబరులో టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో జరిగింది ఇంకా బాధాకరం. నగరపాలక సంస్థ నడిపే స్ప్లాష్ ప్యాడ్‌లో ఆడుకున్న ఒక చిన్నారి, మెదడును తినే అమీబా సోకి మరణించాడు. తెరిచే ముందు రోజూ చేయాల్సిన నీటి పరీక్ష అన్ని రోజులూ జరగలేదని రికార్డుల్లో తేలింది, నగరమే ఆ మాట ఒప్పుకుంది. ఇంత ప్రాణానికి ఇంత చిన్న నిర్లక్ష్యం! ఉదయాన్నే ఒక ఉద్యోగి చిన్న సీసాలో నీళ్లు పట్టి, మందు చుక్క వేసి, రంగు చూసి, పుస్తకంలో అంకె రాయడం. స్ప్లాష్ ప్యాడ్‌కు గుండెకాయ ఈ పనే. కొన్నిచోట్ల చట్టం ప్రకారం నీళ్లు నిలవని చోటు 'ఈతకొలను' కిందికి రాదు కాబట్టి ఈ తనిఖీల నుంచి తప్పించుకుపోతోంది. నిలవ నీరు లేదన్న ఒక్క కారణంతో పిల్లల నోట్లోకి పోయే నీటిని పరీక్షించకుండా వదలడం క్షమించరానిది.

మరో లోటు నీడ. గిల్బర్ట్‌లోని ఒక ఆటస్థలంలో పరిశోధకులు జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. ఎండలో ఉన్న రబ్బరు నేల, జారుడుబల్లలు చర్మం కాల్చేంత వేడెక్కుతున్నాయని, నీడ పడ్డచోట ఆ వేడి ఎంతో తగ్గుతోందని కొలిచి చూపింది. ఫీనిక్స్‌లోని అరిజోనా కాలిన గాయాల ఆసుపత్రికి ఏటా వేసవిలో నేల తగిలి కాలినవాళ్లు వస్తుంటారు. తడి గచ్చు దాటి నాలుగు అడుగులు వేస్తే పొడి కాంక్రీటు. అక్కడ చెప్పుల్లేని కాలు పెట్టి పిల్లలు ఎగిరెగిరి పడటం ఎవరైనా చూడొచ్చు. జల్లు మీద నీడనిచ్చే తెర ఉండి, తల్లి కూర్చునే బల్ల మీద లేకపోతే ఆ ఏర్పాటు సగమే అయినట్టు. చెట్లు ముందు నాటి, గొట్టాలు తర్వాత వేయడం సరైన వరస.

2021లో ఎండను ఎదుర్కోవడానికే ప్రత్యేకంగా ఒక కార్యాలయం పెట్టింది ఫీనిక్స్. అమెరికాలో ఏ నగరమూ తన ఖర్చుతో అలాంటిది అంతకుముందు పెట్టలేదు. అవసరం అలాంటిది. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో ఎండ సంబంధిత మరణాలు 2023లో 645, 2024లో 608. వారిలో ఎక్కువమంది వయసు మీదపడ్డవాళ్లు, ఇల్లు లేనివాళ్లు. పిల్లల స్ప్లాష్ ప్యాడ్ వాళ్ల ప్రాణాలు కాపాడదు. వాళ్లకు కావాల్సింది రాత్రి కూడా తెరిచి ఉండే చల్లని గది, చల్లటి తాగునీళ్లు. ఉన్న డబ్బుతో ముందు ఏది కట్టాలన్న ప్రశ్న వస్తే ఆ గదే ముందు. ఆ తర్వాతి స్థానం మాత్రం పెరట్లో కొలను లేని, కరెంటు బిల్లుకు భయపడి ఏసీ తగ్గించుకునే ఇళ్ల పిల్లలది. అపార్ట్‌మెంట్లు కిక్కిరిసిన వాడల్లో, నడిచి వెళ్లేంత దూరంలో జల్లు ఉండాలి. కారెక్కి వెళ్లాల్సిన షాపింగ్ మాల్ ముందు ఉన్నది ఆ లోటు తీర్చదు.

వ్యాలీలో ఈ గచ్చుల చుట్టూ తెలుగు మాటలు వినిపించడం మామూలే. చాండ్లర్‌లో ఇంటెల్ 1980 నుంచి ఉంది. ఉత్తర ఫీనిక్స్‌లో తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ భారీ చిప్ కర్మాగారం కట్టింది. సాఫ్ట్‌వేర్, చిప్ ఉద్యోగాలతో వచ్చిన కుటుంబాలు చాండ్లర్, గిల్బర్ట్ ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. వేసవిలో మనవలను చూడటానికి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు పొద్దున్నే పార్కుకు వెంట వస్తారు. అరిజోనాలో గడియారాన్ని వేసవికి ముందుకు జరపరు కాబట్టి జూన్‌లో అయిదున్నరకల్లా వెలుతురు పరుచుకుంటుంది. ఏడింటి నుంచి తొమ్మిది దాకా వీళ్ల సమయం. అమ్మమ్మ కాటన్ చీర కొంగు తలమీద కప్పుకుని తెర నీడలో కూర్చుంటుంది. "ఒరేయ్, పరిగెత్తకురా, జారతావు!" అని ఒక కేక. "అమ్మమ్మా, నువ్వూ రా!" అని జవాబు. చీర అంచు ఎత్తిపట్టి పాదాలు మాత్రం తడుపుకుని వచ్చే పెద్దావిడలూ ఉన్నారు. చెయ్యి పట్టుకుని లాగితే నిండా తడిసేవాళ్లూ ఉన్నారు. ఊరుకాని ఊళ్లో, భాష తెలియక నాలుగ్గోడల మధ్య గడిపే ఆ పెద్దవాళ్లకు పక్క బెంచీ మీద మరో తెలుగు గొంతు దొరికేదీ ఇక్కడే.

ఎండ మన ఊళ్లకూ కొత్తది కాదు. 2015 మే నెలలో వడగాలికి దేశంలో చనిపోయిన రెండు వేలమందికి పైగా జనంలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. తెలంగాణ 2023లో ఇళ్ల పైకప్పులను చల్లగా ఉంచే విధానం తెచ్చింది. అది మంచి అడుగు. పిల్లల ఆట మాత్రం ఇంకా ఏ ప్రణాళికలోనూ గట్టిగా కనిపించదు. రామగుండంలోనో, రెంటచింతలలోనో వేసవి సెలవుల్లో పదేళ్ల పిల్లవాడు మధ్యాహ్నం ఎక్కడ ఆడాలి? ఈత రాకుండా చెరువులో, కాలువలో, క్వారీ గుంటలో దిగుతున్న పిల్లలను ఏటా పోగొట్టుకుంటూనే ఉన్నాం. మన పురపాలక సంఘాలు ఫీనిక్స్ నుంచి రంగుల గొట్టాలు తెచ్చుకోనక్కర్లేదు. నీడనిచ్చే నాలుగు చెట్లు, జారని గచ్చు, నొక్కితేనే వచ్చే జల్లు, ఆ నీళ్లు పోయి చేరే మొక్కల మడి, రోజూ క్లోరిన్ చూసే ఒక మనిషి ఉంటే చాలు. చివరిది లేకపోతే మాత్రం మొదలుపెట్టకపోవడమే మేలు.

ఈ వేసవిలో అరిజోనాలో పిల్లల దగ్గరికి వెళ్లే తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలకు ఒక్క మాట. పొద్దున తొమ్మిదిలోపు వెళ్లి రండి. తడి కాళ్లకు సరిపడే చెప్పులు, తాగడానికి ఇంటి నుంచి నీళ్లు తీసుకెళ్లండి. ధార మీద కూర్చోవద్దని, ఆ నీళ్లు నోట్లోకి, ముక్కులోకి పోనివ్వవద్దని పిల్లలకు నచ్చజెప్పండి. గంటకోసారి డైపర్ చూడండి, మార్చేది నీళ్లకు దూరంగా మార్చండి. విరేచనాలు అవుతున్న బిడ్డను తీసుకెళ్లకండి. క్రిప్టోస్పోరిడియం అని డాక్టరు చెబితే, తగ్గాక కూడా రెండు వారాలు ఆగండి.